మూడు చీటీల్లో ఒకే వాన

ఆ గదికి ప్రభుత్వం పెట్టిన పేరు ఒక్క ఊపిరిలో చదవడం ఎవరి తరమూ కాదు. సంయుక్త భద్రతా సమాచార సమన్వయ విభాగం అని తలుపు మీద ఇత్తడి పలక ఉంటుంది. లోపల పనిచేసేవాళ్ళకి మాత్రం అది చీటీల గది. ఎక్కడా బాంబు పేలకుండా ముందే పసిగట్టాలంటే ప్రభుత్వ శాఖలు తమకు తెలిసింది ఒకదాని చెవిన ఒకటి వేసుకోవాలి కదా, ఆ వేసుకోవడమంతా అక్కడ చీటీల మీద జరుగుతుంది. రైల్వే భద్రత వాళ్ళది నీలం చీటీ, పోలీసులది పసుపు, నిఘా శాఖది తెలుపు. కంప్యూటర్లు లేవా అంటే, ఎందుకు లేవు, మూడు శాఖలకీ మూడున్నాయి. అలిగిన తోడికోడళ్ళలా అవి ఒకదాని మొహం ఒకటి చూడవు. అందుకని చీటీలు.

వచ్చిన చీటీలన్నీ చదివి, ఒకే మనిషి గురించి రాసినవాటిని ఏరి, దారంతో కలిపి కట్టడం అక్క ఉద్యోగం. అక్క అంటే ఆ గదిలో అందరికీ అక్కే. ఆవిడకి నలభై ఏడేళ్ళు. రెండేళ్ళలో రిటైరవబోయే పెద్దసారు కూడా అక్కా అనే పిలుస్తారు. ఏ కట్టలోనైనా మూడు రంగులూ చేరాయంటే దాని మీద ఎర్రముద్ర వేయాలి. ఎర్రముద్ర పడిన మనిషిని మర్నాటికల్లా తీసుకొచ్చి కూర్చోబెట్టాలి. ఆ తర్వాత ఆ మనిషి గతి ఏమవుతుందో అక్కకి తెలియదు. చీటీల వెనకున్న మనుషుల్ని ఆవిడ ఎన్నడూ కళ్ళారా చూడలేదు. చూడకూడదన్నది అక్కడి నియమం.

పదకొండేళ్ళ కిందట ఈ గది లేదు. అప్పుడు ఒక శాఖకి ఒక వ్యాను సంగతి తెలుసు, ఇంకో శాఖకి దాన్ని నడిపేవాడి సంగతి తెలుసు. వ్యాను తెలిసినవాళ్ళు నడిపేవాడెవడా అని వెతుకుతున్నారు. నడిపేవాడు తెలిసినవాళ్ళు వాడు దేంట్లో వస్తాడా అని కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తున్నారు. రెండు ఆఫీసులకీ మధ్య ఒక రోడ్డే అడ్డం. ఆ రోడ్డు దాటి ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. వ్యాను బజారు మధ్యలో పేలింది.

అక్క తమ్ముడు సరిగ్గా అప్పుడే కళ్ళజోళ్ళ దుకాణంలోంచి బయటికి వస్తున్నాడు. విరిగిన అక్క కళ్ళజోడుకి కొత్త కాడ వేయించడానికి వెళ్ళాడు. "నువ్వు రావద్దు, జోడు లేకపోతే ఎద్దుకీ బస్సుకీ తేడా తెలీదు నీకు," అని వేళాకోళం చేసి మరీ వెళ్ళాడు. వాడి చొక్కా జేబులోంచి తీసిచ్చిన ఆ కళ్ళజోడుకి చిన్న గీత కూడా పడలేదు. చూపు మారేదాకా నాలుగేళ్ళు అక్క దాంతోనే చీటీలు చదివింది. ఇప్పుడది బల్ల సొరుగులో, ముద్రల డబ్బా పక్కన ఉంటుంది.

అందుకే అక్క ఏ చీటీనీ తేలిగ్గా తీసుకోదు. మిగతావాళ్ళు టీకి వెళ్ళినా ఆవిడ వెళ్ళదు. ఒక చీటీ ఒంటరిగా బల్ల మీద మిగిలిపోతే ఇంటికి వెళ్ళబుద్ధి కాదు. దానికి జత ఎక్కడో ఉంటుందనీ, తను వెతకలేదనీ ఒకటే బెంగ.

వంతెన మనిషి మీద మొదటి చీటీ నీలంది. మంగళవారం సాయంత్రం నాలుగూ పది. రైలు పట్టాల మీది నడక వంతెనపై అరవై దాటిన మనిషి. వానలో, పసుపు అతుకు వేసిన నల్ల గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడి, చిన్న పుస్తకంలో రైళ్ళ వేళలు రాసుకుంటున్నాడు. అన్ని రైళ్ళవీ కాదు, కొన్నింటివే. పక్కగా నడిచి వెళ్ళిన గార్డు ఆ పుస్తకంలో కనిపించిన అయిదు తేదీలూ వేళలూ గుర్తు పెట్టుకొచ్చి చీటీ వెనక రాశాడు.

రెండోది పసుపుది, గురువారం తేదీతో వచ్చింది. అదే వంతెన, అదే గొడుగు, వానలో నిలబడి అవే రాతలు. ఒంటరిగా అద్దె గదిలో ఉంటాడు. ఎవరూ రారు, ఎవరింటికీ పోడు. వృత్తి గడియారాల రిపేరు. గదినిండా అలారం గడియారాలు, తీగలు, చిన్న బ్యాటరీలు. ఆ మాట కింద ఎవరో రెండు గీతలు గీశారు.

మూడోది తెలుపు, శనివారంది. విశ్వసనీయ వర్గాల ప్రకారం, సదరు వ్యక్తి వానను కూడా లెక్కచేయక, అతుకు గొడుగు చాటున, ఎంచుకున్న రైళ్ళ వేళలు నమోదు చేస్తున్నాడు. కాలయంత్రాల్లో నైపుణ్యం కలదు.

సోమవారం మధ్యాహ్నం అక్క మూడింటినీ దారంతో కట్టింది. గడియారాలు, బ్యాటరీలు, రైళ్ళు. ఎర్రముద్ర ఎత్తి గట్టిగా వేసింది. మర్నాడు నాలుగూ పదికి ఆ మనిషి వంతెన మీదికి వచ్చినప్పుడు పట్టుకోవాలని పెద్దసారు సంతకం పెట్టేశారు.

ఇక మిగిలింది మూడు చీటీల సారాంశం ఒక పేజీలో టైపు చేయడం. ఆ పని చేస్తుండగా అక్క వేలు ఒక మాట దగ్గర ఆగింది. వానలో. మంగళవారం వానలో, గురువారం వానలో, శనివారం వానలో.

మంగళవారం వాన పడిన మాట నిజమే, అక్క చెప్పులు తడిసి ముద్దయ్యాయి. గురువారం మాత్రం ఆవిడ సెలవు పెట్టి రెండు దుప్పట్లు ఉతికి మేడ మీద ఆరేసింది. సాయంత్రానికి ఎండకి పెళపెళలాడాయి. శనివారం ఎండ ఎలా కాసిందంటే బస్సు సీటు కాలి నిలబడే ఆఫీసుకు వచ్చింది. ఒక్కరోజు పడిన వాన మూడు చీటీల్లో మూడు రోజులు కురిసింది.

గదిలో ఒక్కో శాఖ తరఫునా ఒక్కొక్కరు కూర్చుంటారు. రైల్వే తరఫున రైలుమామ, పొట్ట మీద చేతులు పెట్టుకుని కూర్చునే మంచి మనిషి. పోలీసుల తరఫున ఒక కుర్ర ఎస్సై. నిఘా శాఖ తరఫున ఉండే ఆయనకి గదంతా కలిసి గుసగుస అని పేరు పెట్టింది. టీలో చక్కెర తక్కువైందని చెప్పడానికి కూడా ఆయన చెవి దగ్గరికే వస్తాడు.

అక్క ముందు ఎస్సై బల్ల దగ్గరికి వెళ్ళింది.

"గురువారం మీ వాళ్ళెవరైనా వంతెన ఎక్కారా బాబూ?"

ఎస్సై కాసేపు నీళ్ళు నమిలాడు. "ఎక్కడమంటే... రైల్వే వాళ్ళు ఫోన్ చేసి చెప్పారక్కా. మా కానిస్టేబుల్ అది రాసుకుని, గది ఓనర్ని అడిగి గడియారాల సంగతి కలిపాడు. అది మాత్రం మా సొంతం."

"మరి మీ విశ్వసనీయ వర్గాలు ఎవరండీ?" అని గుసగుసని అడిగింది.

ఆయన చెవి దగ్గరికి వచ్చాడు. "మేడం, వర్గాల పేర్లు చెప్పకూడదు." అంటూనే ఆయన చూపు ఎస్సై మీదికి వెళ్ళి వచ్చేసింది. ఎస్సై తన బూట్లు చూసుకున్నాడు.

రైలుమామ మాత్రం దాచుకోలేదు. "మావాడు చూసింది ఒక్కసారేనమ్మా. ఎవరో ముసలాయన, రైళ్ళ పిచ్చి కాబోలు అనుకున్నాం. తర్వాత పోలీసులు, నిఘా వాళ్ళు కూడా రాశారని విని, అమ్మో, మా అనుమానం నిజమేనన్నమాట అని భయపడ్డాం."

అంటే ముగ్గురూ ఒకరి మాట మీద ఒకరు ఆనుకుని నిలబడ్డారు. నేల మీద ఎవరి కాళ్ళూ లేవు. ఆ కట్టకి ఎర్రముద్ర వేసింది తనే అని అక్కకి ఆ రోజంతా మరుపు రాలేదు.

పెద్దసారు కట్టని అటూ ఇటూ తిప్పి చూశారు. "నువ్వు చెప్పింది సబబే అక్కా. కానీ చీటీ రాసిన శాఖే దాన్ని వెనక్కి తీసుకోవాలి."

"తీసుకోడానికి ఫారం ఏది సార్?"

"లేదు. అనుమానం రాయడానికి ఉంది. అనుమానం తీరిందని రాయడానికి లేదు. పదకొండేళ్ళలో ఎవరూ అడగలేదు."

ఫారం లేకపోతే పోయింది, తెల్ల కాగితం మీద రాసివ్వండి అని అక్క ముగ్గురినీ బతిమాలింది. పోలీసులు తీస్తే మేం తీస్తాం అన్నారు నిఘా వాళ్ళు. రైల్వే తీస్తే మేం తీస్తాం అన్నాడు ఎస్సై. ముందుగా తీసినవాడి మెడకే చుట్టుకుంటుందని రైలుమామ. రేపు నిజంగానే ఏదైనా జరిగితే ఎవరి చీటీ లేదా అని వెతుకుతారు కదా, ఆ భయం. అక్కకి వాళ్ళ మీద కోపం రాలేదు. ఆ భయం తనకీ ఉంది. సొరుగు తెరిచి కళ్ళజోడు చూసింది. వాన తప్పు రాసినంత మాత్రాన మనిషి మంచివాడైపోతాడా? వ్యాను పేలిన రోజు కూడా ఎవరో ఒకరు ఇందులో ఏముందిలే అనే ఉంటారు.

ఒక్క దారి కనిపించింది. చీటీ వెనక ఉన్న అయిదు తేదీలూ వేళలూ రైలుమామ చేతిలో పెట్టి, "ఈ రైళ్ళలో ఏముంది మామా? వాటినే ఎందుకు రాసుకున్నాడు? సరుకులా, సైన్యమా, డబ్బా?" అని అడిగింది. ఆయన ఆ గదివాడే, అవి ఆయన శాఖ కాగితాలే, అయినా పదకొండేళ్ళలో ఆ గదిలో ఒక శాఖని ఎవరూ ఇలా నోరు తెరిచి అడగలేదు.

మంగళవారం ఉదయం రైలుమామ వచ్చేసరికి మొహం వెలిగిపోతోంది. "అక్కా, ఆ అయిదు రైళ్ళలో ఏమీ లేదు. రెండు ప్యాసింజర్లు, ఒకటి బొగ్గు, రెండు ఖాళీ పెట్టెలు. కానీ అయిదింటినీ నడిపింది ఒక్కరే. ఒకమ్మాయి. డ్రైవరుగా చేరి ఆరేళ్ళు. తండ్రి వృత్తి దగ్గర ఏం రాసుందో చూడు."

గడియారాల రిపేరు అని ఉంది.

అక్క కుర్చీలో కూలబడి నవ్వేసింది. కూతుర్ని చూసుకోడానికి వచ్చే తండ్రి. ఇంతే సంగతి. ఆ నవ్వు చూసి రైలుమామ ఇంకో కాగితం కూడా బయటికి తీశాడు. మంచి మనిషి, చేతిలో ఉన్నదంతా పెట్టేయడం ఆయన అలవాటు. "ఈ అమ్మాయి ఫైల్లో మూడు మెమోలు కూడా ఉన్నాయి. ఆ వంతెన దగ్గరికి రాగానే అవసరం లేకపోయినా రెండు కూతలు వేస్తుందట. పక్క మేడల వాళ్ళు ఫిర్యాదు చేశారు. ఇంకెక్కడా వెయ్యదు, అక్కడే. మూడుసార్లు సంజాయిషీ అడిగితే మూడుసార్లూ ఏమీ లేదని రాసింది. రెండుసార్లు జీతంలో కోత పడింది కూడా."

గుసగుస ఎప్పుడు వెనక చేరాడో ఎవరికీ తెలియదు. "వంతెన మీదున్న మనిషి వేళలు రాసుకుంటున్నాడు. రైల్లో ఉన్న మనిషి రెండు కూతలు వేస్తోంది. మేడం, అది సంకేతం."

ఎస్సై లేచి నిలబడ్డాడు. పావుగంటలో పెద్దసారు బల్ల మీద రెండో ఉత్తర్వు తయారైంది. తండ్రిని వంతెన మీద, కూతుర్ని తర్వాతి స్టేషన్లో రైలు ఆగగానే. ఒక్కణ్ణి తప్పిద్దామని తవ్వితే ఇద్దరూ గోతిలో పడ్డారు. విచారణ అంటూ మొదలైతే ఆ అమ్మాయిని మళ్ళీ ఇంజను ఎక్కనివ్వరు. ఆ పిల్ల ఉద్యోగం తన చేత్తోనే ఊడగొట్టినట్టయిందని అక్కకి ఏడుపొచ్చింది.

మూడున్నరకి వంతెన కింద వ్యాను ఆగింది. మెట్ల దగ్గర ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు, రైలుమామ, గుసగుస. వాళ్ళతో పాటు రావలసిన అవసరం ఏమాత్రం లేని అక్క.

"నువ్వు పైకి వెళ్ళకూడదక్కా," అన్నాడు ఎస్సై. "నియమం."

"ఎన్నో ఏళ్ళ నుంచీ చీటీలే చూస్తున్నాను బాబూ. ఒక్కసారి మనిషిని చూడనీ."

"నిజంగానే వాడి దగ్గర ఏదైనా ఉంటే?"

ఉంటే, తమ్ముడు పోయినట్టే తనూ పోతుంది. అయినా మెట్టు మీద కాలు పెట్టింది. ఎస్సై వాచీ చూసుకుని, "రైలు వెళ్ళేదాకా ఆగుతాను. ఆ తర్వాత నా పని నాది," అన్నాడు.

వంతెన మధ్యలో పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఎండ మాడ్చేస్తోంది. గొడుగు విప్పే ఉంది. పసుపు అతుకు చీటీలో రాసినంత పసుపుగా లేదు, వెలిసిపోయింది. చొక్కా జేబులో చిన్న భూతద్దం, వేళ్ళ చివర నూనె మరకలు. అక్క ఆయనకి రెండడుగుల దూరంలో కమ్మీ పట్టుకుని నిలబడింది. ఏం అడగాలో ముందుగా ఏమీ అనుకోలేదు.

"బాబాయిగారూ, టైమెంతయిందండీ?"

"మూడు నలభై ఆరు," అన్నాడాయన వాచీ చూడకుండానే. తర్వాత చూసి, "నలభై ఆరున్నర," అని దిద్దుకున్నాడు. ఆ దిద్దుకోవడం చూసేసరికి అక్కకి భయం సగం పోయింది.

"ఎండలో నిలబడ్డారేం?"

"రైలు కోసం తల్లీ."

"ఇక్కడ ఆగదుగా."

"ఆగక్కర్లేదు."

అక్కకి అబద్ధం చెప్పడం చేతకాదు. పైగా టైము లేదు. "మీ అమ్మాయి నడిపే రైలా?" అని అడిగేసింది.

ఆయన చేతిలో గొడుగు కదిలింది. పిల్లకి తెలిసిన మనిషి అనుకున్నాడు కాబోలు, మొహంలోకి ఆశా భయమూ ఒక్కసారే వచ్చాయి. "నేనిక్కడికి వస్తానని దానికి చెప్పకమ్మా. నీకు పుణ్యముంటుంది."

"ఎందుకు చెప్పకూడదు?"

"నా మొహం దానికి చూపించలేను." రెండో ప్రశ్న వేయకుండానే తనంతట తనే చెప్పుకొచ్చాడు. ఎవరైనా అడగాలే గానీ చెప్పడానికి ఆయన ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నట్టున్నాడు. "అది ట్రైనింగులో ఉండగా మా ఆవిడకి జబ్బు చేసింది. పిల్లకి పరీక్షలు, ఇప్పుడు చెప్పొద్దు, అయ్యాక చెబుదాం అంది. సరే అని నేను చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ నిద్రపోతోంది, అమ్మ పక్కింటికి వెళ్ళిందీ అని చెప్పాను. పరీక్షలు అవకుండానే ఆవిడ పోయింది. పిల్ల వచ్చేసరికి అంతా అయిపోయింది."

"అయ్యో."

"నాకు పిచ్చెక్కింది తల్లీ. గుమ్మంలో నిలబెట్టి, మీ అమ్మ నీకోసం ఎదురు చూసి చూసి పోయింది, నీకు రైళ్ళే ఎక్కువయ్యాయి, నా గడప తొక్కొద్దు అన్నాను. చెప్పనివాణ్ణి నేను. రాలేదని దాన్నన్నాను. అది ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అలాగే వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆరేళ్ళయింది."

ఒక ఇంట్లో తెలిసిన మనిషి తెలియాల్సిన మనిషికి చెప్పలేదు. మధ్యలో ఒక రోడ్డు కూడా అడ్డం లేదు. అక్కకి తమ్ముడు గుర్తొచ్చాడు.

"మరి తనేనని ఎలా తెలుస్తుంది మీకు?"

"కిటికీలో మోచెయ్యి పెట్టుకుంటుంది. చిన్నప్పుడు మా కొట్లో కూర్చున్నా అంతే, బల్ల మీద మోచెయ్యి. అలా కనబడితే రాసుకుంటాను, లేకపోతే లేదు." జేబులోంచి పుస్తకం తీసిచ్చాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. తేదీ, వేళ, నిమిషాలే కాదు సెకన్లు కూడా. ప్రతి వరసకీ చివర ఒకే మాట ఉంది. క్షేమం. ఒకచోట మాత్రం, దగ్గుతున్నట్టుంది అని రాసి, మూడు రోజుల తర్వాత, తగ్గింది అని రాసుకున్నాడు. అంత దూరం నుంచి దగ్గు ఎలా తెలిసిందో ఆయనకే తెలియాలి.

"ఈ గొడుగు ఎందుకండీ, వాన లేదుగా?"

"మొహం కనబడకుండా. మా ఆవిడది. ఆ అతుకు ఆవిడే వేసింది."

నాలుగూ ఏడయింది. మెట్ల దగ్గర ఎస్సై టోపీ సర్దుకోవడం కనిపించింది. అక్క దగ్గర ఇంకొక సంగతి ఉంది. అది ఆఫీసు ఫైల్లోది. చీటీల గదిలో ఉన్నది ఎవరి మీద ఉందో వాళ్ళకే చెబితే ఉద్యోగం పోతుంది, చేరిన రోజునే సంతకం పెట్టింది. తమ్ముడి తర్వాత ఆవిడకి మిగిలింది ఆ ఉద్యోగమే.

"బాబాయిగారూ, తను రెండు కూతలు వేస్తుంది కదా, విన్నారా?"

"అన్ని రైళ్ళూ వేస్తాయేమోనమ్మా. వంతెన కదా."

"వెయ్యవు. మిగతా డ్రైవర్లెవరూ ఇక్కడ వెయ్యరు. తనొక్కతే, ఈ ఒక్క వంతెన దగ్గరే. వెయ్యొద్దని పైవాళ్ళు మూడుసార్లు మెమో ఇచ్చారు. రెండుసార్లు జీతం కోశారు. ఎందుకు వేస్తున్నావంటే చెప్పదు, వెయ్యడం మానదు."

ఆయన అర్థం కానట్టు చూశాడు.

"తనకి తెలుసు బాబాయిగారూ. వాళ్ళమ్మ గొడుగుని గుర్తు పట్టదా?"

మలుపులో ఇంజను కనిపించింది. పెద్దాయన గొడుగు వైపు చూశాడు, రైలు వైపు చూశాడు. నూనె మరకల వేళ్ళు గొడుగు పిడి మీద తడబడ్డాయి, మీట చప్పున పడలేదు, అక్క చెయ్యేసి సాయం పట్టింది. గొడుగు ముడుచుకుంది. ఎండ ఆయన మొహం మీద పడింది. ఆయన చెయ్యి పైకెత్తాడు. ఊపడం రానట్టు అలా ఎత్తి ఉంచాడు, అంతే.

రెండు కూతలు వినిపించాయి. ఆ తర్వాత ఎప్పుడూ లేని మూడోది మొదలైంది. అది ఆగలేదు. ఇంజను కాళ్ళ కిందికి వచ్చినా, అవతలికి వెళ్ళినా, ఆఖరి పెట్టె దాటి వంతెన వణకడం మానినా అది మోగుతూనే ఉంది. పక్క మేడల్లో కిటికీలు తెరుచుకున్నాయి. పెద్దాయన కమ్మీ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పుస్తకంలో ఆ వేళ రాసుకోవడం మర్చిపోయాడు.

ఎస్సై మెట్ల మీద సగంలో ఆగిపోయాడు. అతని వెనక గుసగుస, కూత వెళ్ళిన వైపే చూస్తున్నాడు. అది సంకేతమని ఆయనన్నది తప్పేం కాదు. ఆయన జేబులోంచి కాగితం తీసి, మెట్టు మీద కూర్చుని, మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. రాసి, అందరికీ వినబడేంత గొంతుతో, "ముందు మా చీటీ తీసేయండి," అన్నాడు. ఆయన గొంతు అంత పెద్దదని వాళ్ళకి అప్పుడే తెలిసింది. ఇక మిగతా ఇద్దరికీ అభ్యంతరం ఏముంది? ఎస్సై తర్వాతి స్టేషన్‌కి ఫోన్ చేసి అమ్మాయిని పట్టుకోవద్దని చెప్పి, కానిస్టేబుల్ వీపు మీద కాగితం పెట్టి రాశాడు. రైలుమామ తన కాగితంతో పాటు చేతిరుమాలు కూడా వెతుక్కున్నాడు.

మర్నాడు అక్క జరిగిందంతా, తను ఫైల్లోని మాట బయటపెట్టిన సంగతితో సహా, రాసి పెద్దసారుకి ఇచ్చింది. ఆయన రెండుసార్లు చదివారు. "ఇది తప్పే అక్కా. నీకూ ఒక మెమో ఇవ్వాలి," అని నిజంగానే ఇచ్చారు. దాంతోపాటు ఇంకో కాగితం కూడా ఇచ్చారు. ఆకుపచ్చ రంగులో కొత్త ఫారం, అనుమానం తీరింది అని పైన రాసి ఉంది. కింద గడులు గీసి, వంద కాపీలు అచ్చు వేయించమన్నారు. అక్క రెండూ తీసుకుని, మెమో సొరుగులో కళ్ళజోడు కింద పెట్టుకుంది. తమ్ముడుంటే ఎంత ఏడిపించేవాడో అనిపించి నవ్వొచ్చింది.

ఆ వారం చివర ఒక నీలం చీటీ వచ్చింది. మంగళవారం నాలుగూ పది రైలు వంతెన దగ్గర మొదలుపెట్టి ఒకటిన్నర కిలోమీటరు దాకా కూత ఆపలేదనీ, మేడలవాళ్ళు పదకొండు మంది ఫిర్యాదు చేశారనీ, డ్రైవరుకి నాలుగో మెమో ఇచ్చామనీ ఉంది. పై శాఖకి తెలియజేయడమైనది. కింద సంజాయిషీ గడి. ఈసారి అందులో ఏమీ లేదని రాసి లేదు. అక్క కళ్ళజోడు తుడుచుకుని చదివింది.

మా నాన్న గొడుగు ముడిచారు, అని ఉంది.